ముప్పై మొక్కలు, వేళ్లతో సహా

ఔషధ మొక్కల పరిరక్షణ పరిశోధనా సంస్థలో నలభై ఆరుమంది పనిచేస్తారు. వాళ్లలో మొక్కను చేత్తో ముట్టుకునేది ఒక్క చీటీలమ్మే. మిగిలిన నలభై ఐదుగురికీ మొక్కంటే ఒక ఫైలు, ఒక మీటింగు, మహా అయితే గోడకు తగిలించిన ఫొటో. ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గానీ, పద్నాలుగేళ్లుగా ఆ పేరుతో ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. మూడో అంతస్తు చివర, కలరా ఉండల వాసన కొట్టే ఎండుమొక్కల గదిలో ఆవిడ బల్ల ఉంటుంది. పాత వార్తాపత్రికల మధ్య నొక్కి ఎండబెట్టిన మొక్కల్ని అట్టల మీద అంటించి, ప్రతి అట్టకూ కుడివైపు కింది మూలన ఒక చీటీ రాయడం ఆవిడ ఉద్యోగం. పేరు, దొరికిన చోటు, తేదీ, తెచ్చినవారు. నల్లసిరా, గుండ్రటి అక్షరాలు. ఇప్పటికి పదకొండు వేల చీటీలు రాసింది. ఒక్కదాంట్లోనూ తప్పు దొర్లలేదు. ఈ సంగతి డైరెక్టరుగారు వచ్చిన ప్రతి అతిథికీ చెబుతారు. అప్పుడు చీటీలమ్మ తల వంచుకుని జిగురు పూస్తున్నట్టు నటిస్తుంది గానీ, లోపల మాత్రం గర్వంగానే ఉంటుంది. ఉండదూ మరి.

ఇంట్లో ఆవిడకి ఒక భర్త, ఒక అత్తగారు. భర్త పాడైన ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేస్తాడు, మాట్లాడడు. ఇద్దరి మాటలూ కలిపి అత్తగారే మాట్లాడుతుంది. డెబ్బై దాటిన మనిషి. ఊరి చివర రాతిగుట్ట వాలున, బండల పగుళ్లలో మొలిచే రాతిచెవి అనే మొక్క ఆకును నూరి, బెణికిన కాళ్లకూ చేతులకూ కట్టు కట్టడం ఆవిడ పని. మూటలు మోసేవాళ్లు, ఆటల్లో మడమ మడతపడినవాళ్లు, మెట్ల మీద జారినవాళ్లు పొద్దున్నే వచ్చి వరండాలో బెంచీ మీద మూలుగుతూ కూర్చునేవాళ్లు. వారం తిరిగేసరికి వాళ్లే వీధిలో దర్జాగా నడిచి వెళ్తూ, కిటికీలోంచి పెద్దావిడకు చెయ్యి ఊపేవాళ్లు.

రాతిచెవికి పొగరెక్కువ. ఆ వాలున తప్ప ఇంకెక్కడా బతకదు. కుండీలో పెడితే వారం తిరక్కుండా తల వాల్చేస్తుంది. అందుకే పెద్దావిడ ఒక మొక్క నుంచి ఒకసారికి రెండాకులకు మించి కోసేది కాదు. వేరు జోలికి అసలు వెళ్లేది కాదు. వాలు మొత్తం మీద ఉన్నవి ముప్పై ఎనిమిది. ఏది ఏ బండ పక్కన ఉందో, ఏది ఎప్పుడు మొలిచిందో ఆవిడకి కంఠతా వచ్చు. మనవలు లేని ఇంట్లో ఆవిడకి అవే లెక్క.

అలాంటి వాలు మీద ఒక ఉదయం రోడ్డు విభాగం వాళ్లు తెల్ల సున్నంతో గీత గీసి వెళ్లారు. గుట్టను తొలిచి రోడ్డు వెడల్పు చేస్తారట. ముప్పై ఎనిమిదీ గీతకు లోపలే ఉన్నాయి. పెద్దావిడ ఆ పూట భోజనం ముట్టలేదు. బెంచీ మీద కూర్చుని గుట్ట వైపే చూస్తూ ఉండిపోయింది. చీటీలమ్మ మనసు చివుక్కుమంది. అరుదైన మందు మొక్క ఉన్న చోటని తమ సంస్థ ఒక కాగితం ఇస్తే చాలు, ఎంతటి రోడ్డయినా పక్కకు జరగాల్సిందే. రూలు అలాగే ఉంది.

"మీరు దిగులుపడకండి అత్తయ్యా. మా ఆఫీసు ఉన్నదే అందుకు," అంది.

పద్నాలుగేళ్ల ఉద్యోగంలో ఇంటికి పనికొచ్చే మాట మొదటిసారి చెప్పగలిగినందుకు ఆవిడ ఉబ్బితబ్బిబ్బయింది. పాపం, తమ ఆఫీసు గురించి ఆవిడకి తెలిసింది మూడో అంతస్తు వరకే.

సంస్థలో ఏ పని కదలాలన్నా ముందు అవసరాల కమిటీ కూర్చోవాలి. మందు మొక్కల్నీ, వాటి గురించి పెద్దలకు తెలిసిన సంగతుల్నీ కాపాడటానికి ఇంకా ఏయే పరిశోధనలు అవసరమో గుర్తించడం ఆ కమిటీ బాధ్యత. ఏటా ఒక పట్టీ తయారుచేస్తుంది. అందులో మొదటి అంశం ఎప్పుడూ ఒకటే: గత సంవత్సరపు పట్టీని అధ్యయనం చేయవలసిన అవసరం ఉంది. ఆఖరి అంశం కూడా ఎప్పుడూ ఒకటే: మరింత పరిశోధన అవసరం. మధ్యలో టీ వస్తుంది.

ఆ ఏడాది కమిటీ ముందు చీటీలమ్మ నిలబడింది. డైరెక్టరుగారు చెడ్డమనిషి కాదు. అదే వచ్చిన చిక్కు, చెడ్డమనిషైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఎవరేం చెప్పినా ఆయన శ్రద్ధగా వింటారు, తల ఊపుతారు, డైరీలో రాసుకుంటారు. రాసుకున్నాక ఆ పని అయిపోయినట్టే ఆయనకి. చీటీలమ్మ గుట్ట గురించి, గీత గురించి, అత్తగారి కట్ల గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఎన్ని మొక్కలున్నాయని ఆయన అడిగారు. ముప్పై ఎనిమిదని చెప్పింది. భేష్, సరిపోతాయి అన్నారు ఆయన.

దేనికి సరిపోతాయో ఆవిడకి తోచలేదు. కమిటీలో ఆయన పక్కనే కూర్చున్న కెమిస్ట్ మేడమ్ విడమరిచి చెప్పింది. ఒక మొక్క అరుదైనదని సంస్థ ధ్రువీకరించాలంటే రుజువు కావాలి. రుజువంటే ముప్పై మొక్కలు, వేళ్లతో సహా, ఎండబెట్టి అట్టకు అంటించినవి. ముప్పైకి ఒక్కటి తగ్గినా శాస్త్రం ఒప్పుకోదు. వెనకటికి ఒక అధికారి ఏదో శిక్షణకు వెళ్లి, ముప్పైకి తగ్గిన లెక్క లెక్కే కాదని విని వచ్చాడట. ఆయన రిటైరై వెళ్లిపోయాడు గానీ ముప్పై మాత్రం ఉద్యోగంలోనే ఉండిపోయింది.

చీటీలమ్మ నీళ్లు నమిలింది. ముప్పై పీకేస్తే ఇంక మిగిలేవి ఎనిమిదే కదండీ అని గొణిగింది.

"అదే కదమ్మా మనకి కావలసింది. అప్పుడది ఇంకా అరుదైపోతుంది. మన వాదనకి బలం వస్తుంది," అన్నారు డైరెక్టరుగారు, మనస్ఫూర్తిగా సంతోషిస్తూ.

మొక్కతో పాటు దాని గురించిన తెలివిడిని కూడా కాపాడాలి కాబట్టి, మరుసటి వారం డైరెక్టరుగారూ కెమిస్ట్ మేడమూ అరవై నాలుగు ప్రశ్నల ఫారం పట్టుకుని చీటీలమ్మ ఇంటికే వచ్చారు. పెద్దావిడ ఉతికిన బట్టలు కట్టుకుని బెంచీ మీద కూర్చుంది. కాలు నొప్పితో అప్పటికే వచ్చి కూర్చున్న ఒక మూటలాయన్ని పక్కకు జరగమన్నారు.

ఎంత ఆకు వాడతారని అడిగారు. పిడికెడు అంది. ఎవరి పిడికెడు అన్నారు. నా చేతికి ఇంకొకరి పిడికిలి ఎలా వస్తుంది అంది. కెమిస్ట్ మేడమ్ గీతలున్న గాజు పాత్రలో నీళ్లు పోసి, పిడికిలి అందులో ముంచమని, నీళ్లు ఎంత పైకి లేచాయో చూసి పాయింటు తర్వాత రెండంకెల దాకా రాసుకుంది. ఒక ఫొటో తీసింది. ఒక్క పిడికిలితో సగటు రాదని డైరెక్టరుగారు తన చెయ్యి కూడా ముంచారు. ముంచడం ముంచారు గానీ అది మళ్లీ బయటికి రాలేదు. చీటీలమ్మ సబ్బు తెచ్చి లాగాల్సి వచ్చింది. మూటలాయన నొప్పి మరిచిపోయి నవ్వాడు.

కట్టు ఎన్ని రోజులుంచాలి అంటే నొప్పి పోయేదాకా అంది పెద్దావిడ. ఫారంలో రోజులకే గడి ఉంది. ఈ మొక్కనెలా గుర్తుపడతారు అంటే, ఆకు వెనకవైపు వేలితో రుద్దితే పిల్లి నాలుకలా గరగరలాడుతుందని, నలిపితే తడిసిన ఇటుక వాసన వస్తుందని, ఆ రెండూ లేకపోతే అది రాతిచెవి కాదని చెప్పింది. వాసనకి గడి లేదు. 'ఇతరములు' అన్నచోట టిక్కు పెట్టి ముందుకు సాగారు.

"అమ్మా, మీలాగే ఈ కట్టు తెలిసినవాళ్లు ఇంకో ఇరవై తొమ్మిదిమంది ఎక్కడైనా ఉన్నారా?" అని అడిగారు డైరెక్టరుగారు.

"ఉండేవాళ్లు బాబూ. ఒక్కొక్కళ్లే పోయారు. మీరు కాస్త ఆలస్యంగా వచ్చారు."

ఆయన అది కూడా రాసుకున్నారు. అరవై నాలుగో ప్రశ్న: ఈ జ్ఞానాన్ని తరువాతి తరానికి అందించారా? పెద్దావిడ కోడలి వంక ఒకసారి చూసింది. "అమ్మాయికి తీరికెక్కడిది, ఆఫీసుంది," అంది. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. అయినా చీటీలమ్మకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వెళ్తూ వెళ్తూ వాళ్లు ముప్పై మొక్కల మాట ఎత్తారు. వేళ్లతో సహా అనగానే పెద్దావిడ లేచి నిలబడింది. ఆకులు ఎన్ని కావాలన్నా తనే కోసిస్తానంది, వేరు మీద చెయ్యి వేస్తే మాత్రం ఊరుకునేది లేదంది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఇది మీ ఇంటి విషయం, మీరే సర్దుకోవాలి, పది రోజుల్లో ముప్పై అట్టలు బల్ల మీద ఉండాలి అని చీటీలమ్మకి చెప్పి వాళ్లు కారెక్కారు.

మూడు రోజులు ఆవిడకి కంటి మీద కునుకు లేదు. మొక్కలు ఇవ్వకపోతే కాగితం రాదు, కాగితం రాకపోతే రోడ్డు వస్తుంది. ఇస్తే అత్తగారి మొహం ఎలా చూస్తుంది? నాలుగో రోజు పొద్దున టీ తాగుదామని క్యాంటీన్ వెనక్కి వెళ్లింది. అక్కడ మురిక్కాలవ పక్క గోడ నిండా గోడచెవి మొలిచి ఉంది. అది ఉత్త పిచ్చి మొక్క. ఆకు అచ్చం రాతిచెవిలాగే చెవి ఆకారంలో ఉంటుంది. వెనకవైపు మాత్రం నున్నగా ఉంటుంది, వాసన ఉండదు. ఎండి అట్ట మీద పడుకున్నాక ఆ తేడా కూడా ఉండదు. వాసన ఎండకి పోతుంది, గరుకు జిగురుకి పోతుంది. ఆవిడ టీ గ్లాసు గోడ మీద పెట్టి ముప్పై పీకింది. చెత్త బాగుచేస్తోందనుకుని క్యాంటీనాయన దండం పెట్టినంత పనిచేశాడు.

'రాతిచెవి. రాతిగుట్ట వాలు.' ముప్పైసార్లు రాసింది. పద్నాలుగేళ్లలో మొదటిసారి తప్పని తెలిసే రాసింది. అయినా అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి. ముగ్గురు నిపుణులు పరిశీలించి సంతకాలు చేశారు. వాళ్లలో ఒకాయన భూతద్దం పెట్టి చూసి, ఇంత అరుదైన ఆకును కళ్లారా చూసే భాగ్యం కలిగిందని పొంగిపోయాడు. ఆయన రోజూ పదకొండింటికి టీ తాగేది ఆ గోడకు ఆనుకునే.

కాగితం వచ్చింది. వాలు మీద ఆకుపచ్చ బోర్డు వెలిసింది. రోడ్డు విభాగం వాళ్లు సున్నం డబ్బాలు సర్దుకుని వెళ్లిపోయారు. మొక్క ఒక్కటి కూడా పీకకుండానే పని జరిగిందని విని పెద్దావిడ ఆశ్చర్యపోయింది. పెద్ద ఆఫీసులో ఏవో పద్ధతులుంటాయిలే అనుకుంది. బెంచీ మీద కూర్చున్న ప్రతివాడికీ, ఇదంతా మా కోడలి చలవే అని చెప్పుకుంది. చీటీలమ్మ ఆ మాట వినపడినప్పుడల్లా వంటింట్లో ఏదో ఒక గిన్నె చప్పుడు చేసేది. నిజం చెబుదామని రెండుసార్లు నోరు తెరిచింది, రెండుసార్లూ మూసుకుంది. ఏం కొంప మునిగింది, అందరూ సుఖంగానే ఉన్నారుగా అనుకుంది.

కొంప ఎనిమిది నెలలకు మునిగింది. కెమిస్ట్ మేడమ్ ఆ అట్టల మీది ఆకులు కత్తిరించి పరీక్షలు చేసి నివేదిక రాసింది. పాపం ఆవిడ పని ఆవిడ నిజాయితీగానే చేసింది. ఆ ఆకులో వాపు తగ్గించే గుణం ఇసుమంతైనా లేదు. మురిక్కాలవ గోడ మీది పిచ్చి మొక్కలో ఎందుకుంటుంది? సంస్థ ఒక చిన్న పుస్తకం అచ్చువేసి ఆసుపత్రులకూ బడులకూ పంచింది. నాలుగో పేజీలో పెద్దావిడ ఫొటో, పిడికిలి గాజు పాత్రలో ముంచి ఉన్నది. కింద ఇలా ఉంది: నిరాధారమైన నమ్మకాలు, ఒక ఉదాహరణ.

వారం రోజుల్లో బెంచీ ఖాళీ అయింది. మూటలాయన కూడా ఎదురు పేవ్‌మెంటు మీద నుంచి, తల తిప్పుకుని కుంటుకుంటూ వెళ్లాడు. పెద్దావిడ ఆ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని ఫొటో వైపు చాలాసేపు చూసింది.

"అరవై ఏళ్లుగా నేను కట్టింది ఉత్త గడ్డేనంటావా అమ్మాయ్? మరి వాళ్లందరికీ ఎందుకు తగ్గింది?"

దానికి తోడు ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మందు మొక్క కాదని తేలింది కాబట్టి వాలుకు రక్షణ అక్కర్లేదు, ముప్పై రోజుల్లో బోర్డు తీసేస్తారు, సున్నం గీత మళ్లీ అమల్లోకి వస్తుంది. అంటే అబద్ధమాడి మొక్కల్ని కాపాడబోయి, అత్తగారి పరువు తీసి, మొక్కల్ని కూడా రోడ్డుకి అప్పగించిందన్నమాట. ఇంక తాడో పేడో తేల్చుకోవాలని ఆవిడ డైరెక్టరుగారి గదిలోకి వెళ్లి, క్యాంటీన్ గోడ సంగతి పూసగుచ్చినట్టు చెప్పేసింది. ఉద్యోగం పోతే పోయిందనుకుంది.

డైరెక్టరుగారు తలుపు వేశారు. మొదటిసారి డైరీలో ఏమీ రాసుకోలేదు.

"అమ్మా, మీ చీటీ ఒక్కటి తప్పంటే పదకొండు వేలూ తప్పే అంటారు జనం. ఆ పదకొండు వేల మీద నాలుగు వందల రిపోర్టులున్నాయి. ఆ రిపోర్టుల మీద ఈ బిల్డింగు ఉంది. కాబట్టి మీ చీటీ తప్పు కాదు. మొక్కే పొరపాటున గోడ మీద మొలిచింది."

చీటీలమ్మ నోరు వెళ్లబెట్టింది. శిక్షకు సిద్ధపడి వస్తే అది కూడా దొరకలేదు. ఆయనే మెల్లగా ఒక దారి చూపించారు. బీరువాలో ఉన్నది రాతిచెవి మొదటి రకం. దాన్ని ఎవరూ కదపకూడదు, పుస్తకాన్నీ కదపకూడదు. గుట్ట మీద ఉన్నది రెండో రకమని కొత్తగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. పరీక్షలో గుణం కనపడితే బోర్డు ఉంటుంది. అందుకు షరా మామూలే, ముప్పై మొక్కలు, వేళ్లతో సహా. "ఈసారి మాత్రం అసలువి తెండమ్మా," అన్నారు, దాదాపు బతిమాలుతూ.

ఇంటికి వచ్చి ఖాళీ బెంచీ మీద అత్తగారి పక్కన కూర్చుంది. మొత్తం చెప్పింది. ఏదీ దాచలేదు, ఏడవకుండా చెప్పాలనుకుంది గానీ అది కుదరలేదు. పెద్దావిడ చివరిదాకా అడ్డు రాకుండా వింది.

"ఎక్కడిదన్నావు?"

"క్యాంటీన్ వెనక మురిక్కాలవ గోడ మీదిది అత్తయ్యా."

"దానికా నా ఫొటో వేశారు."

ఇంకేమంటుందోనని చీటీలమ్మ బిక్కచచ్చి కూర్చుంది. తిట్టినా బాగుండేది. పెద్దావిడ తిట్టలేదు.

"ఆ రోజు కోపంలో కాదన్నాను. మర్నాడు ఇంకోసారి అడగొచ్చుగా. ఈ ఇంటికొచ్చిన నాటి నుంచి నువ్వు నన్ను దేన్నీ రెండోసారి అడగలేదమ్మాయ్. ఒకసారి కాదంటే నీ దారిన నువ్వు పోతావు. నాకు కష్టంగా ఉండేది అదే."

అది నిజం. తను అత్తగారికి ఎదురు చెప్పని మంచి కోడలినని చీటీలమ్మ అనుకుంటూ వచ్చింది. ఎదురు చెప్పకపోవడమూ మాట్లాడకపోవడమూ ఒకటే అయిపోయిందని ఇన్నాళ్లూ గమనించలేదు. అప్పుడు రెండోసారి అడిగింది. ముప్పై ఇస్తే ఎనిమిది మిగులుతాయి, ఇవ్వకపోతే ఒక్కటీ మిగలదు, ఏం చేద్దామంటారు అని అడిగింది. పెద్దావిడ లోపలికి వెళ్లి మట్టి తవ్వే చిన్న గునపం తెచ్చుకుంది.

వాలు మీద ఆ ఇద్దరూ ఒక పూటంతా గడిపారు. ఏది తీయాలో, ఏది ఉంచాలో పెద్దావిడే చెప్పింది. గింజ రాల్చి అలిసిపోయినవి తీయమంది. లేతవి, ఒకదానికొకటి ఎడంగా ఉన్నవి, మధ్యాహ్నం బండ నీడ పడేవి ఉంచమంది. ఆకు వెనక ఎలా రుద్దాలో కోడలి వేలు పట్టుకుని రుద్దించింది. పద్నాలుగేళ్లుగా ఎండిన మొక్కలతో కాపురం చేసిన చీటీలమ్మ, పచ్చి ఆకు గరుకు వేలికి తగిలి ఉలిక్కిపడింది. ప్రతి వేరూ పెకలించేటప్పుడు పెద్దావిడ పళ్లు బిగబట్టేది, తన పన్నే పీకుతున్నట్టు. పదిహేను అయ్యాక గునపం కోడలికిచ్చి అటు తిరిగి కూర్చుంది. మిగతా పదిహేనూ చీటీలమ్మే తవ్వింది. ఆ పాపం సగం సగం పంచుకున్నారు.

ఈసారి ఎండుమొక్కల గది నిండా తడిసిన ఇటుక వాసన వచ్చింది. కెమిస్ట్ మేడమ్ ఆకులు ఎండకముందే పరీక్షకు తీసుకుంది, ఫలితం చూసి కుర్చీలోంచి లేచింది. గుణం ఉంది, బ్రహ్మాండంగా ఉంది. ఎగిరి గంతేసినంత పనిచేసి, పెద్దావిడ చేతులు పట్టుకుని మాట్లాడి వచ్చింది. నివేదికలో మాత్రం పద్ధతి తప్పలేదు: రాతిచెవి రెండో రకానికి వాపు తగ్గించే గుణం ఉన్నట్టు కనిపిస్తోంది, మరింత పరిశోధన అవసరం. మొదటి రకం గురించిన పుస్తకం మాత్రం బడుల్లో అలాగే ఉంది. దాన్ని వెనక్కి తెప్పించాలంటే అది తప్పని ఒప్పుకోవాలి.

బోర్డు ఉంచడానికి ఇక ఒక్క ఫారం మిగిలింది. అందులో ఒకే ఒక్క గడి: ప్రస్తుతం ఆ చోట ఉన్న మొక్కల సంఖ్య. దాని కింద చిన్న అక్షరాల్లో ఒక సూచన. పదికి తగ్గితే ఆ చోటు కాపాడినా ప్రయోజనం ఉండదు కాబట్టి వదిలివేయవలెను. చీటీలమ్మ ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. ఫారం పట్టుకుని డైరెక్టరుగారి దగ్గరికి వెళ్లి, ఒకవేళ ఎనిమిదే ఉంటే ఏం చేస్తారు సార్ అని అడిగింది.

"అయ్యో, ఎనిమిదా? అప్పుడు వదిలేయక తప్పదమ్మా. కానీ అంతలా ఎందుకు తగ్గిపోయాయో ఒక పరిశోధన మాత్రం చేయిస్తాం," అన్నారు ఆయన, నిజంగా బాధపడుతూ.

ఏడాది కిందట ఆయనే ఆనందంగా చేసిన తీసివేత ఆయనకి గుర్తులేదు. ఆవిడకి అప్పుడు అర్థమైంది. గుట్ట మీద ఎన్నున్నాయనేది ఒక ఫైలు. బీరువాలో ఎన్నున్నాయనేది ఇంకో ఫైలు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే కమిటీ ఆ సంస్థలో లేదు. గుట్ట ఎక్కి లెక్కపెట్టే మనిషి అంతకన్నా లేదు. నలభై ఆరుమందిలో ఆ వాలు చూసింది తనొక్కతే. ఆవిడ తన బల్ల దగ్గరికి వచ్చి, నల్లసిరా పెన్ను తీసి, గడిలో గుండ్రంగా 38 అని వేసింది. సాయంత్రానికి అయిదు సంతకాలు పడ్డాయి.

మర్నాడు సెలవు రోజు. అత్తా కోడలూ గుట్ట మీదికి వెళ్లారు. తవ్విన ముప్పై చోట్లా మట్టి ఇంకా ఎర్రగానే ఉంది. మిగిలిన ఎనిమిదీ బండల నీడలో దేనికవి ఒంటరిగా నిలబడి ఉన్నాయి. పెద్దావిడ ఒక్కోదాన్నీ వంగి చూసి, ఆకులు తిప్పి చూసి, బండ మీద చతికిలబడింది.

"ఎన్నని రాశావు?" అని అడిగింది.

"ముప్పై ఎనిమిది."

"మళ్లీ అబద్ధమేనా?"

"అవునత్తయ్యా. ఈసారి మీకు చెప్పి చేస్తున్నాను."

పెద్దావిడ వాలంతా కళ్లతో కొలిచింది. పెదవులు కదుపుతూ ఏదో లెక్క వేసుకుంది. ఏడాదికి ఎన్ని గింజలు రాలతాయో, ఎన్ని పగుళ్లలో పడతాయో, ఎన్ని ఎండకు మాడతాయో ఆ లెక్క ఆవిడకే తెలుసు.

"మీ ఆఫీసువాళ్లెవరూ ఇటు తొంగిచూడకపోతే, పదిహేనేళ్లకి నువ్వు రాసింది నిజమవుతుంది," అంది. "అప్పటికి నేనుండను. లెక్క నువ్వే చూసుకోవాలి."